సొంత రెజిమెంట్ లేని సేనానులు

1971 జూన్‌లో అరుణ్ ఖేతర్‌పాల్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు సెకండ్ లెఫ్టినెంట్‌గా 17 పూనా హార్స్ అనే ట్యాంకుల రెజిమెంట్‌లో చేరాడు. అది తారాపూర్ రెజిమెంట్. 1965 పాకిస్థాన్ యుద్ధంలో ఫిల్లోరా దగ్గర గాయపడ్డా ఆస్పత్రికి వెళ్లనని ట్యాంకులోనే ఉండిపోయి, సెప్టెంబర్ 16న ప్రాణం వదిలిన పార్సీ కమాండర్ లెఫ్టినెంట్ కల్నల్ అర్దేషిర్ తారాపూర్. ఆయన్ని ఈ కుర్రాడు ఎన్నడూ కళ్లారా చూడలేదు. కానీ చేరిన ఆరు నెలలకే, డిసెంబర్ 16న బసంతర్ పోరులో, మంటలంటుకున్న ట్యాంకు దిగి రమ్మని వైర్‌లెస్‌లో ఆర్డర్ వస్తే, గన్ ఇంకా పనిచేస్తోంది, దిగనన్నాడు. ఇద్దరికీ పరమవీర చక్ర వచ్చింది. ఇది కాకతాళీయం అంటే నేను ఒప్పుకోను. ఒక రెజిమెంట్‌లో అడుగుపెట్టడమంటే అక్కడి పెద్దల్ని కలవడమే, వాళ్లు బతికి ఉన్నా లేకున్నా.

ఆ తారాపూర్ తయారైంది మన హైదరాబాద్‌లో. నిజాం కొలువులో పనిచేసిన కుటుంబం వాళ్లది. ఆయన హైదరాబాద్ స్టేట్ సైన్యంలో కుర్ర ఆఫీసర్‌గా ఉన్నప్పుడు, ఒకరోజు గ్రెనేడ్లు విసరడం నేర్పిస్తున్నారు. కొత్త సిపాయి ఒకడు టెన్షన్‌లో సరిగా విసరలేకపోయాడు. గ్రెనేడ్ అక్కడే పడింది. తారాపూర్ దూకి, దాన్ని చేత్తో తీసి అవతలికి విసిరాడు. అంతలోనే అది పేలి, ముక్కలు ఛాతీలో దిగాయి. చూస్తున్న సేనాధిపతి ఎల్ ఎద్రూస్ తర్వాత పిలిపించి మెచ్చుకుంటే, ఈయన అడిగింది ఒక్కటే: నన్ను ట్యాంకుల దళానికి మార్చండి.

నన్ను కదిలించేది ఈ సాహసం ఒక్కటే కాదు. సిక్కులకు సిక్కు రెజిమెంట్ ఉంది, జాట్లకు జాట్ రెజిమెంట్, డోగ్రాలకు డోగ్రా. పార్సీల పేరుతో ఒక్క బెటాలియన్ కూడా లేదు. పార్సీ ఆఫీసర్ ఎక్కడికెళ్లినా కమాండ్ చేయాల్సింది పరాయి భాష మాట్లాడే, వేరే దేవుణ్ని మొక్కే జవాన్లనే. మనవాడు అనే చుట్టరికం అక్కడ పనికిరాదు. నమ్మకాన్ని పైసా పైసా కూడబెట్టుకోవాలి. మరో పార్సీ, ఫీల్డ్ మార్షల్ మానెక్‌షా పాత రెజిమెంట్ దేశ విభజనతో పాకిస్థాన్‌కు పోయింది. అయినా గూర్ఖాలు ఆయన్ని ‘సామ్ బహదూర్’ అని తమవాణ్ని చేసుకున్నారు. పట్టుమని అరవై వేల మంది కూడా లేని సమాజం (2011 లెక్కల్లో 57,264) ఒక ఫీల్డ్ మార్షల్‌ని, ఒక నౌకాదళాధిపతిని, ఇద్దరు వైమానిక దళాధిపతుల్ని ఇచ్చింది. వాళ్లలో ఫాలీ మేజర్ పుట్టింది సికింద్రాబాద్‌లో.

సైన్యంలో మతం లేదు కదా, పార్సీ అని విడదీసి చెప్పడం ఎందుకని కొందరంటారు. నిజమే, యూనిఫాం వేసుకున్నాక అందరూ ఒకటే. కానీ ఆ మాటను చేతల్లో చూపించినవాళ్లు ఎవరో పేరు పెట్టి చెప్పకపోతే, అది గోడ మీది నినాదంగానే మిగులుతుంది.

అసలు జబ్బు వేరే ఉంది. మనకు ఏ సమాజాన్నైనా ఓట్లతో తూచడం అలవాటైపోయింది. ఎన్ని నియోజకవర్గాల్లో గెలుపోటములు తేలుస్తారు, ఎంత పెద్ద సభ పెడతారు, ఇవే లెక్కలు. ఆ తక్కెడలో పార్సీలు గాలికి ఎగిరిపోతారు. 2008 జూన్‌లో మానెక్‌షా అంత్యక్రియలకు రక్షణ మంత్రి కూడా వెళ్లలేదు. ప్రభుత్వం తరఫున వెళ్లింది సహాయ మంత్రి, మన కాకినాడ ఎంపీ పళ్లంరాజు. బంగ్లాదేశ్ యుద్ధం గెలిపించిన మనిషికి ఈ దేశం ఇచ్చిన వీడ్కోలు అది! ఆ రోజు పడిన బాధ నాకింకా తగ్గలేదు.

2023లో అండమాన్‌లో ఒక దీవికి తారాపూర్ పేరు పెట్టారు. సంతోషమే. కానీ ఆయన గ్రెనేడ్ పట్టుకున్నది అండమాన్‌లో కాదు. మన ఊళ్లో ఎనిమిదో తరగతి పిల్లల్ని తారాపూర్ ఎవరని అడిగి చూడండి. తెలుగు వాచకంలో ఆ గ్రెనేడ్ ఘటనకు రెండు పేజీలు ఇవ్వమని రెండు రాష్ట్రాల పాఠ్యపుస్తక కమిటీలనూ అడుగుతున్నాను. పక్కనే ఖేతర్‌పాల్ ఫొటో కూడా వేయమంటున్నాను.