"జనంలో తిరిగితే పరిశోధన అయిపోతుందా?" అనేవారికి

అధ్యాపకుల మధ్య ఈమధ్య తెగ తిరుగుతున్న వాదన ఇది: "జనంతో కలిసి చేసే పని సేవ, పరిశోధన కాదు. దాన్ని కొలవడానికి కొలబద్ద లేదు. ప్రమోషన్‌కు లెక్కిస్తే ప్రమాణాలు పడిపోతాయి. అంత ఇష్టమైతే ప్రొఫెసర్ అయ్యాక చేసుకోవచ్చు." చాలామంది తలూపుతున్నారు కాబట్టి ఒక్కో మాటా చూద్దాం.

ముందు "సేవ" సంగతి. అమెరికాలోని ఫ్లింట్ నగరానికి 2014 ఏప్రిల్ నుంచి డెట్రాయిట్ నగరం నుంచి వచ్చే నీటి సరఫరా ఆపి ఫ్లింట్ నది నీళ్లు ఇవ్వడం మొదలుపెట్టారు. పైపులు తుప్పు పట్టకుండా కలపాల్సిన రసాయనం కలపలేదు. నీళ్ల రంగు మారింది, వాసన వస్తోంది అని జనం మొత్తుకున్నా అధికారులు ఫర్వాలేదన్నారు. 2015లో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరీక్ష కిట్లు ఇస్తే, వాటిని ఇంటింటికీ పంచి, నింపించి, వెనక్కి చేర్చింది ఊరివాళ్లే. 250కి పైగా ఇళ్ల నుంచి నమూనాలు వచ్చాయి. నీళ్లలో సీసం ఉందని తేలింది. ఆ అక్టోబరులోనే నగరం మళ్లీ డెట్రాయిట్ నీళ్లకు మారింది.

ఇందులో సేవ ఎక్కడ ఆగింది, పరిశోధన ఎక్కడ మొదలైంది? కుళాయిని ఎంతసేపు కట్టేసి ఉంచాక నీళ్లు పట్టాలి, మొదటి ధార పట్టాలా, కాసేపు వదిలేశాక పట్టాలా అన్నవి అచ్చమైన శాస్త్ర ప్రశ్నలు. ఊరివాళ్ల చెయ్యి లేకపోతే ఆ డేటాయే లేదు. రక్తదాన శిబిరంలో నిలబడటం, బడిలో ఉపన్యాసం ఇవ్వడం సేవే, ఒప్పుకుంటాను. వాటిని పరిశోధన ఖాతాలో వేయమని ఎవరూ అడగట్లేదు. తెలియని ప్రశ్న, సరైన పద్ధతి, ఇతరులు పరీక్షించగల ఫలితం ఉన్న పని గురించే మాట.

కొలబద్ద లేదన్నది మరీ విడ్డూరం. విద్వత్తు అంటే కొత్తది కనుక్కోవడమే కాదు. రంగాలను కలపడం, సమస్యలకు అన్వయించడం, బోధించడం కూడా అని 1990లోనే అమెరికాలో విద్యపై పనిచేసే కార్నెగీ ఫౌండేషన్ తరఫున విద్యావేత్త ఎర్నెస్ట్ బోయర్ రాశారు. వీటన్నిటినీ తూచడానికి 1997లో అదే సంస్థ ఆరు ప్రమాణాలు ఇచ్చింది: స్పష్టమైన లక్ష్యం, తగిన సన్నద్ధత, సరైన పద్ధతి, చెప్పుకోదగ్గ ఫలితం, దాన్ని చక్కగా అందించడం, తన పనిని తానే విమర్శించుకోవడం. బ్రిటన్‌లో విశ్వవిద్యాలయాల పరిశోధనను మదింపు చేసేటప్పుడు సమాజంపై ప్రభావానికి 2014లో 20 శాతం, 2021లో 25 శాతం మార్కులు ఇచ్చారు. అది విభాగాలకిచ్చే మార్కే, వ్యక్తుల ప్రమోషన్‌కు కాదు. అయినా కొలవడం కుదురుతుందని తేలింది కదా! మనం ఇంతగా నమ్ముకున్న ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఒక పత్రికలోని వ్యాసాలను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉటంకించారో చెప్పే అంకె) మాత్రం మనుషులను కొలవడానికి పుట్టిందా? అది చెప్పేది పత్రిక సంగతి. అందులో అచ్చయిన ఒక్క వ్యాసం మంచిచెడ్డలు కూడా అది చెప్పలేదు.

ప్రమాణాలు పడిపోతాయన్న భయంలో కొంత నిజం ఉంది. నాయకుడి మెప్పు ఉత్తరం, నాలుగు ఫొటోలు జతచేసి పరిశోధన అనిపించుకునేవాళ్లు వస్తారు. వాళ్లను ఆపడానికి ఇలాంటి పని స్వయంగా చేసిన ఒక బయటి సమీక్షకుణ్ణి పెడితే చాలు. పేపర్ల సంఖ్య పెంచుకోవడానికి ఒకే ఫలితాన్ని మూడు ముక్కలు చేసి అచ్చేయించేవాళ్లు ఇప్పుడూ ఉన్నారు. అందుకని పేపర్లను లెక్కించడం మానేశామా?

ఇక "ప్రొఫెసర్ అయ్యాక" అన్న సలహా. జనం నమ్మి తలుపు తీయడానికే ఏడాది, రెండేళ్లు పడుతుంది. ఆ కాలంలో చేతిలో ఒక్క పేపరూ ఉండదు. కొత్తగా చేరినవారి దరఖాస్తులో దానికి గడే లేకపోతే, వాళ్లు ఆ పని ఎత్తుకోరు. పదిహేనేళ్లు ల్యాబ్ దాటని మనిషి ఆ తర్వాత హఠాత్తుగా వీధిలోకి వచ్చి ఎవరి తలుపు తడతాడు, ఏమని అడుగుతాడు?