తొక్క ఉంది, ఎండ ఉంది, ఆరబెట్టే చోటే లేదు

రాత్రి పదిన్నరకు విజయవాడ బీసెంట్ రోడ్డు సర్దుకునే వేళ ఏదైనా జ్యూస్ బండి దగ్గర రెండు నిమిషాలు నిలబడి చూడండి. గ్లాసులు కడిగి బోర్లించారు, మిక్సీ తుడిచి లోపల పెట్టారు, బండికి పట్టా కప్పి తాడు బిగించారు. బయట మిగిలింది ఒక గోనెసంచి. అందులో బత్తాయి తొక్కలు, అనాస చెక్కు, పుచ్చకాయ డిప్పలు. వాటి మీదే వాడి పారేసిన ప్లాస్టిక్ గ్లాసులు, స్ట్రాలు, పాల ప్యాకెట్లు. సంచి అడుగు నుంచి కారిన రసం సైడు కాలువ దాకా తడి చారలా పాకి ఉంటుంది. తెల్లారితే చెత్త ఆటో వస్తుంది, సంచి ఎక్కుతుంది. అంతవరకూ తొక్కగా ఉన్నది మిగతా చెత్తతో కలిసిన మరుక్షణం ఎవరికీ పనికిరాని కుళ్లుగా మారిపోతుంది.

ఇవాళ మా బాధంతా ఈ సంచి గురించే. మా ఆశ కూడా దాని మీదే.

పండ్ల తొక్కల నుంచి పొయ్యిలోకి బొగ్గు చేయవచ్చు. ఇది ఎక్కడో ల్యాబులో ఆగిపోయిన ప్రయోగం కాదు. ఉగాండా రాజధాని కంపాలాలో జనం రోజూ తినేది మటోకే అనే కూర అరటి. మార్కెట్లలో గుట్టలుగా పడే ఆ తొక్కలను ఎండబెట్టి, కాల్చి, బొగ్గు బిళ్లలుగా చేసి అమ్ముకుని బతుకుతున్నవాళ్లు అక్కడ ఉన్నారు. మన దేశంలో పుణెకు చెందిన ఆర్తి సంస్థ చెరకు తోటల్లో తగలబెట్టే ఎండాకు నుంచి బొగ్గు తీసి చూపించింది. 2002లోనే దానికి ఆష్డెన్ అవార్డు వచ్చింది. పంట వ్యర్థాలను పొలం దగ్గరే ఇంధనంగా మార్చే యంత్రం తయారు చేసిన టకాచార్ సంస్థకు 2021లో ఎర్త్‌షాట్ బహుమతి దక్కింది. అంతెందుకు, మన అమ్మమ్మలు పేడను పారేయకుండా గోడకు పిడక కొట్టారు. ఎండు బత్తాయి తొక్కను సున్నిపిండిలో కలిపారు. పారేసే దానిలో పనికొచ్చేది చూడటం ఈ ఊళ్లకు ఒకరు నేర్పాల్సిన విద్య కాదు.

పద్ధతి ఎవరికైనా అర్థమయ్యేదే. తొక్కలను పల్చగా పరిచి ఎండబెట్టాలి. వంచితే వంగకూడదు, ఫెళ్లున విరగాలి. అప్పుడే ఎండినట్టు లెక్క. వాటిని ఇనుప డ్రమ్ములో కూరి, గాలి చాలీచాలకుండా ఇచ్చి కాల్చాలి. గాలి ధారాళంగా అందితే బూడిద మిగులుతుంది, బిగపట్టి ఇస్తే బొగ్గు మిగులుతుంది. లోపల వేడి 400 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే చాలు. మొదట గొట్టంలోంచి చిక్కటి తెల్లపొగ వస్తుంది, అందులో ఎక్కువ భాగం నీటి ఆవిరి. పొగ పల్చబడి నీలిరంగుకు తిరిగాక మూత వేసి, సందులకు మట్టి మెత్తి, చల్లారేదాకా ఓపిక పట్టాలి. తొందరపడి మూత తీస్తే గాలి తగిలి మొత్తం మళ్లీ అంటుకుంటుంది, రోజంతా పడిన కష్టం బూడిదవుతుంది. చల్లారిన బొగ్గును దంచి పొడి చేసి, గంజి కలిపి, అచ్చులో గట్టిగా నొక్కి, మళ్లీ ఎండబెడితే బిళ్ల తయారు. గంజికి కర్రపెండలం పిండి బాగా పనికొస్తుంది, పొడిలో నూటికి 5 నుంచి 10 వంతులు సరిపోతుంది. సగ్గుబియ్యం మిల్లులున్న పెద్దాపురం, సామర్లకోట మనకేమీ దూరం కాదు.

ఇంత తేలికైన పని ఇప్పటిదాకా ఎందుకు ఊపందుకోలేదంటే, నీళ్ల వల్ల. ఈ ఒక్క విషయం దాచిపెట్టి తొక్కల బొగ్గు గురించి ఎవరు ఎంత గొప్పగా చెప్పినా నమ్మొద్దని పాఠకులను కోరుతున్నాం. బత్తాయి తొక్క బరువులో ముప్పాతిక పైగా నీరే. 100 కిలోల పచ్చి తొక్క ఎండితే 20, 25 కిలోలకు దిగుతుంది. దాన్ని కాలిస్తే మూడో వంతు బొగ్గుగా మిగులుతుంది. అంటే 7, 8 కిలోలు. పుచ్చకాయ డిప్ప సంగతి మరీ దారుణం. నూటికి 90 పాళ్లు పైగా నీరున్న సరుకు నుంచి 2, 3 కిలోల బొగ్గు తీయడానికి 100 కిలోలు మోయడం తెలివైన పని కాదు. పుచ్చకాయ డిప్పలు పశువులకు పెట్టాలి, లేదా కంపోస్టుకు, గోబర్ గ్యాస్ తొట్టికి పోవాలి. అరటితొక్కలో పొటాష్ ఎక్కువ, కాబట్టి కాలిస్తే బూడిద కూడా ఎక్కువే మిగులుతుంది. దాన్ని ఒక్కదాన్నే బిళ్ల చేసేకంటే కొబ్బరి చిప్పల బొగ్గు పొడితో కలిపితే నిప్పు నిలుస్తుంది.

అసలు సిరి ఉన్నది గట్టి సరుకులో. మామిడి టెంక, కొబ్బరి చిప్ప, ఎండిన బొండం డిప్ప, అనాస తలకాయ, చెరకు రసం బండి దగ్గర రాశి పోసే పిప్పి. వీటిలో చెక్క గుణం ఎక్కువ కాబట్టి బొగ్గు గట్టిగా వస్తుంది. చక్కెర ఫ్యాక్టరీలు పిప్పిని ఒక్క పిడికెడు కూడా పారేయవు, బాయిలర్లలో మండించి తమ ఆవిరి, తమ కరెంటు తామే తీసుకుంటాయి. రోడ్డు మీద బండివాడి పిప్పి మాత్రం కాలువలో పడుతుంది. బొండం డిప్ప నెలల తరబడి కుళ్లదు. వాన పడితే దానిలో నీళ్లు నిలుస్తాయి, ఆ నీళ్లలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. ఇంద్రకీలాద్రి మీద ఏ రోజైనా కొబ్బరికాయలు కొట్టేచోట ఎన్ని చిప్పలు పోగవుతాయో భక్తులకు తెలుసు. దసరా పది రోజుల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

తొక్కల్లోని నీటిని ఇంధనం ఖర్చు పెట్టి తోలితే ఈ లెక్క ఎప్పటికీ గిట్టదు. ఉచితంగా తోలగలిగింది ఎండ ఒక్కటే. ఆ ఎండ మన దగ్గర ఉన్నంతగా ఎక్కడుంది? మే నెలలో 44, 45 డిగ్రీలు విజయవాడకు కొత్త కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. ఏటా వేసవి రాగానే మనం ఎండను తిట్టుకుంటాం, వడదెబ్బ మరణాలు లెక్కపెట్టుకుంటాం. అదే ఎండ మూడు నాలుగు రోజుల్లో బత్తాయి తొక్కను గలగలలాడేలా ఎండబెడుతుంది. పైగా మామిడి, పుచ్చకాయ, బత్తాయి రసాలు, కొబ్బరి బొండాలు విరివిగా అమ్ముడయ్యేదీ ఆ నెలల్లోనే. సరుకూ ఎండా ఒకే సీజన్‌లో కలిసి వచ్చే వరం చాలా నగరాలకు లేదు.

లేనిది చోటు. తొక్కలు పల్చగా పరచాలంటే జాగా కావాలి. అది ఇళ్ల మధ్య కుదరదు, ఈగలు ముసురుతాయి, వాసన వస్తుంది, చుట్టుపక్కలవాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోవాలని అడగడమూ న్యాయం కాదు. జూన్ దాటితే వాన. అప్పుడు పారదర్శక షీట్లు కప్పిన షెడ్లు, కింద గాలి ఆడే తడికెలు ఉండాలి. ఇంత ఏర్పాటు జ్యూస్ బండివాడు చేసుకోలేడు, డ్వాక్రా సంఘమూ సొంతంగా చేసుకోలేదు. నగరపాలక సంస్థే చేయాలి. 64 డివిజన్ల నగరంలో ఈ పనికి ఖాళీ జాగా దొరకదంటే మేము నమ్మం.

చెత్త నుంచి శక్తి తీయాలన్న ఆలోచన ఈ ఊరికి కొత్త కాదు. 2000 తర్వాతి తొలి ఏళ్లలోనే ఇక్కడ చెత్తతో 6 మెగావాట్ల విద్యుత్ తీసే ప్లాంటు వచ్చింది. మార్కెట్, కబేళా వ్యర్థాలతో బయోగ్యాస్ తీసే యూనిట్ కూడా పెట్టారు. ఆ విద్యుత్ ప్లాంటు నిలబడలేదు. ఇప్పుడు విజయవాడ, గుంటూరు చెత్తను పల్నాడు జిల్లా కొండవీడు దగ్గరి 15 మెగావాట్ల ప్లాంటుకు తరలించే ఏర్పాటు ఉంది. ఎంత పెద్ద ప్లాంటయినా తడి చెత్త లోపలికి వెళ్తే కొలిమి వేడిలో కొంత ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. మన సంచిలోని తొక్కలు విడిగా తీసేస్తే ఆ ప్లాంటుకూ మేలే, మోసే లారీకీ బరువు తగ్గుతుంది. డంపింగ్ యార్డులో గాలి ఆడక కుళ్లే తొక్కల నుంచి మీథేన్ పుడుతుంది. నూరేళ్ల లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే పాతిక రెట్లకు పైగా వాతావరణాన్ని వేడెక్కిస్తుంది.

తడి, పొడి చెత్త వేరు చేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు స్పష్టంగా చెప్పాయి. 2021 అక్టోబర్ 2న బెంజ్ సర్కిల్‌లో చెత్త వాహనాలకు జెండా ఊపినప్పుడు ఇంటింటికీ మూడు రంగుల బుట్టలని గొప్పగా చెప్పుకున్నాం. ఇప్పుడు ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతోంది. ఇవన్నీ మంచి ప్రయత్నాలే. కానీ ఆకుపచ్చ బుట్టలో వేసింది చివరికి దేనికి పనికొచ్చిందో కంటితో చూపించలేనంత కాలం గృహిణి చేతిలో ఆ బుట్ట మూణ్ణాళ్ల ముచ్చటే అవుతుంది. నా వంటింటి తొక్క ఫలానా బండిలో నిప్పయిందని తెలిస్తే ఆమె దాన్ని వేరుగా పెట్టడం ఎందుకు మానేస్తుంది?

ఆ నిప్పు అవసరమైనవాళ్లు మన కళ్ల ముందే ఉన్నారు. ఏ కాలనీకి వెళ్లినా వేపచెట్టు కింద ఒక ఇస్త్రీ బండి ఉంటుంది. బరువైన ఇనప పెట్టె, మూత ఎత్తితే లోపల ఎర్రటి కణికలు, పక్కన సంచిలో బొగ్గు. ఆ బొగ్గు ఎక్కువగా ప్రకాశం, నెల్లూరు వైపు సర్కారు తుమ్మ కొట్టి కాల్చింది. ఇస్త్రీ చేసేవాళ్లకు బొగ్గు గురించి తెలిసినంతగా ఏ ఇంజినీరుకూ తెలియదు. రవ్వ లేవకూడదు, ఒక్క రవ్వ ఎగిరి పట్టుచీర మీద పడితే ఆ నెల సంపాదన పోతుంది. బూడిద రాలి తెల్లచొక్కాకు అంటకూడదు. నిప్పు గంటసేపైనా నిలవాలి. తొక్కల బొగ్గు బిళ్లకు ఈ మూడు పరీక్షలూ బండి దగ్గరే పెట్టాలి. సరిగా ఎండిన బిళ్ల చిటపటలాడదు. సరిగా కాల్చని తొక్క కలిసిన బిళ్ల మాత్రం పొగ వేసి పరువు తీస్తుంది. వానాకాలం సాయంత్రాలు మొక్కజొన్న పొత్తులు కాల్చేవాళ్లు, కబాబులు, తందూరీ రోటీలు చేసే హోటళ్లు తర్వాతి ఖాతాదారులు.

ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. బొగ్గు ఏదైనా బొగ్గే. తలుపులు మూసిన గదిలో కాలిస్తే కంటికి కనపడని, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. చలికాలంలో గదిలో కుంపటి పెట్టుకుని పడుకుని తెల్లారేసరికి లేవని కుటుంబాల వార్తలు ఎన్నోసార్లు అచ్చు వేశాం, మళ్లీ వేయాలని లేదు. తొక్కల బొగ్గు ఆరుబయట వాడకానికే. ఇంట్లో గ్యాస్ పొయ్యి స్థానంలో దీన్ని తెమ్మని మేము అనడం లేదు. కాల్చేచోట కూడా మామూలు డ్రమ్ములు వద్దు. సరుకు నుంచి వచ్చే వాయువులను మళ్లీ మంటలోకే మళ్లించి, వాటితోనే వేడి పుట్టించే రిటార్టు బట్టీలు ఉన్నాయి. వాటిలో పొగ చాలా తగ్గుతుంది, కట్టెలూ కలిసొస్తాయి. సింగ్‌నగర్ వాసులు డంపింగ్ యార్డు పొగను ఏళ్ల తరబడి పీల్చారు. వాళ్ల నెత్తిన ఇంకో పొగ పెట్టే హక్కు ఎవరికీ లేదు.

చేసే చేతుల కొరత అసలే లేదు. ఒడియాలు, అప్పడాలు, వరుగులు ఎండబెట్టడంలో ఈ జిల్లాల ఆడవాళ్లను మించినవారు లేరు. ఏది ఎంత ఎండాలో, ఏ మబ్బుకు పట్టా కప్పాలో వాళ్లకు చెప్పనక్కర్లేదు. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) మహిళా సంఘాలకు యార్డు అప్పగించి, నెలనెలా నికరమైన కూలి వచ్చేలా చూడాలి. చేతితొడుగులు, ముక్కుకు గుడ్డ కాదు సరైన మాస్కులు ఇవ్వాలి. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటే మందు లేదు. బాపట్ల వ్యవసాయ ఇంజినీరింగ్ కళాశాల మనకు గంటన్నర దూరంలోనే ఉంది. బిళ్లలో బూడిద ఎంత, వేడి ఎంత, తేమ ఎంత అన్నది అక్కడ పరీక్ష చేయించి, ఆ అంకెలు సంచి మీద అచ్చు వేయాలి. మొదటి ఏడాది సరుకును కొనేది కార్పొరేషనే అయి ఉండాలి. కొని ఇస్త్రీ బండ్లవాళ్లకు తక్కువ ధరకు ఇస్తే సరిపోతుంది. కొనేవాడు ఖాయమని తెలియకుండా ఏ సంఘమూ అప్పు చేసి బట్టీ పెట్టదు.

మొదలు పెద్దగా ఉండనక్కర్లేదు. కాళేశ్వరరావు మార్కెట్, బీసెంట్ రోడ్డు జ్యూస్ బండ్లు, కొండమీద కొబ్బరి చిప్పలు. ఈ మూడు చోట్లా తొక్కలకు మాత్రమే అని రాసిన ఒక వేరు సంచి, రాత్రి పదకొండుకు వాటి కోసమే వచ్చే ఒక ఆటో ఉంటే చాలు. అందులో ప్లాస్టిక్ గ్లాసు పడితే ఆ సంచి తిప్పి పంపాలి, ఆ ఒక్క విషయంలో మొహమాటం కూడదు. ప్లాస్టిక్ కలిసిన బొగ్గు పొగ విషం. గుంటూరులో కొల్లి శారద మార్కెట్ వాళ్లు కూడా ఇదే చూసి మొదలుపెట్టవచ్చు, మిర్చి యార్డు తొడిమలు వాళ్లకు అదనపు సరుకు. అయితే మిర్చి ఘాటు బట్టీ దగ్గర పనిచేసేవాళ్ల కళ్లను ఏం చేస్తుందో ముందు చూసుకోవాలి.

నున్న మామిడి మార్కెట్‌లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా లారీలు క్యూ కడతాయి. నూజివీడు రసాలు, బంగినపల్లి దేశమంతా వెళ్తాయి. మచ్చపడినవి, మగ్గి చితికినవి మార్కెట్ వెనకే గుట్టలవుతాయి, గుజ్జు కుళ్లిపోయి టెంకలు తేలతాయి. ఈ ఏడాది మొదటి లారీ రాకముందే అక్కడ ఒక ఎకరం చదును చేసి, తడికెలు పరిచి, రెండు బట్టీలు నిలపమని నగరపాలక సంస్థను, మార్కెటింగ్ శాఖను కోరుతున్నాం. తొలి సంచి తయారైన రోజున దాన్ని అధికారుల బల్ల మీద పెట్టి ఫొటో దిగకుండా, నేరుగా ఒక ఇస్త్రీ బండి దగ్గరకు తీసుకెళ్లండి. మేమూ వస్తాం. రవ్వ లేస్తుందో లేదో నిలబడి చూసి, ఉన్నదున్నట్టు మర్నాటి పత్రికలో రాస్తాం.