ఈశాన్యంలో ఐసీయూ

మనిషికి జ్వరమొస్తే నల్లగొండలో ఒక డాక్టరు చాలు. ఎక్వేరియంలో గోల్డ్‌ఫిష్ పక్కకు ఒరిగిందంటే మాత్రం వాస్తు పంతులు, షాపాయన, బామ్మర్ది ముగ్గురూ కలిసి కూర్చోవాలి. చేప గురించి అన్నీ మాట్లాడతారు. నీళ్ల సంగతి ఎవరూ ఎత్తరు.

తొట్టి ఈశాన్యంలో ఉండాలి, ఎర్రవి ఎనిమిది, నల్లది ఒకటి వెయ్యాలి, ఇది పంతులు లెక్క. రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు, అడుగెత్తు తొట్టిలో రాళ్లు, ప్లాస్టిక్ కోట పోను నీళ్లు పట్టేది 45 లీటర్లు. గోల్డ్‌ఫిష్ జానెడు పెరుగుతుందన్న ముక్క ఏ శాస్త్రంలోనూ రాయలేదు కాబట్టి తొమ్మిదీ సర్దుకోవలసిందే. అవి మొప్పల నుంచి వదిలే అమ్మోనియా వాటికే విషం; దాన్ని తినే బాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతకాలం ముహూర్తం ఆగదు కదా! పొద్దున తొట్టి, సాయంత్రం చేపలు. నాలుగో రోజుకు మొప్పలు ఎర్రబడి, పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. "పాపం, ఆకలైతున్నట్టుంది, ఇంకిన్ని గింజలెయ్యి బిడ్డా" అని నాయినమ్మ తీర్పు. రెండు నిమిషాల్లో తినగా మిగిలిందంతా కుళ్లి మళ్లీ అమ్మోనియానే అవుతుంది. ఒంట్లో బాగాలేని చేపను రెండు రోజులు పస్తుంచినా ఏమీ కాదు. కానీ ఇంటికొచ్చిన చుట్టాన్ని పస్తు పెట్టారన్న పేరు మనకొద్దు.

పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని మన ఊరి పేరే పెట్టారు. అంతటి ఊళ్లో చేపకు నల్లా నీళ్లు పోస్తామా? ప్లాంటు నుంచి ఇరవై లీటర్ల క్యాన్లు దిగుతాయి. ఆర్వో మిషను ఫ్లోరైడ్‌తో పాటు చేపకు కావలసిన లవణాలనూ ఊడ్చేస్తుంది; పీహెచ్‌ను నిలబెట్టే కార్బనేట్లు పోయాక నీళ్లు ఆమ్లం వైపు జారతాయి. ప్రేమ ఇంకాస్త పొంగితే తొట్టి మొత్తం ఖాళీ చేసి, స్పాంజిని నల్లా కింద తెల్లగా వచ్చేదాకా పిండుతారు. నెలరోజులుగా చేరిన బాక్టీరియా క్లోరిన్ దెబ్బకు మోరీ పాలు. పావు వంతు నీళ్లే తీసి, బకెట్లో ఒక రోజు నిలవ ఉంచిన నీళ్లు అంతే పోసి, స్పాంజిని ఆ తీసిన నీళ్లలోనే పిండితే సరిపోతుంది. ఇంత సులువైన పనిని వైద్యమంటే ఎవరు గౌరవిస్తారు?

అసలు సంబరం తెల్లమచ్చ వచ్చినప్పుడు. ఒంటి నిండా ఉప్పు చల్లినట్టు చుక్కలు. అమ్మవారు పోసిందని తొట్టికి వేపమండ కడతారు. షాపాయన నీలం సీసా చేతిలో పెడతాడు: "రెండు చుక్కలెయ్యుండ్రి సార్, పొద్దుగాల్లకు దుంకుతది." ఆ చుక్క చర్మం కింద దాక్కున్న పరాన్నజీవి. అక్కడుండగా ఏ మందూ దాన్ని తాకదు. కడుపు నిండి కింద రాళ్లలో పడి, వందల పిల్లలై, కొత్త చేపను వెతుక్కుంటూ ఈదేటప్పుడే చస్తుంది. అందుకే మూడో రోజు మచ్చలు పోయాయని మందు ఆపిన ఇంట్లో వారం తిరక్కముందే రెట్టింపు మచ్చలు. పది రోజులు ఆగకుండా చెయ్యాలి. లీటరుకు రెండు గ్రాముల చొప్పున 90 గ్రాముల దొడ్డుప్పు, మూడు వాటాలుగా కరిగించి రెండు రోజుల్లో పోయాలి. వేడి మెల్లగా 30 డిగ్రీలకు తేవాలి. మే నెలలో మనకు హీటరుతో పనిలేదు, అది దాటకుండా చూసుకోవడమే పని. నీళ్లు వేడెక్కే కొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది కనుక గాలి మోటారు ఇంకోటి కావాలి. కొర్రమీనైతే పైకొచ్చి గాలి మింగి బతికేస్తుంది. రాష్ట్ర చేప హోదా ఊరికే రాలేదు. సీసా మందే వేస్తామంటారా, ముందు ఫిల్టర్లో బొగ్గు తీసెయ్యండి. లేకుంటే వైద్యం జరిగేది బొగ్గుకు.

ఏటా మృగశిర కార్తెకు మన ఆయాసం పోవాలని చేపపిల్లను బతికుండగానే మింగే జాతి మనది. ఆ రుణం ఇట్లా తీరుస్తున్నాం.

నల్లది చచ్చిపోతే ఏడవక్కర్లేదు. ఇంటి దిష్టంతా తన మీద వేసుకుని పోయిందంటారు, పోస్టుమార్టం అక్కడితో ముగుస్తుంది. కొత్త చేపను మూడు వారాలు వేరే టబ్బులో ఉంచి చూడాలి నిజమే, కానీ నల్లది లేకుండా మూడు వారాలు ఇల్లు ఎట్లా నిలబడుతుంది? సాయంత్రానికి కవర్లో ఇంకోటి వస్తుంది. షాపు నీళ్లు పారబొయ్యడమెందుకని కవరు కవరే తొట్టిలో కుమ్మరిస్తారు.