సవరణ: పొడపత్రి, నేరేడు గింజల గురించి నేను తప్పు రాశాను

"పొడపత్రి ఆకు నమిలాక బెల్లం ముక్క చప్పగా మట్టిలా ఉంటే, ఒంట్లో చక్కెర విరిగిపోతున్నట్టే" అని పోయినవారం మధుమేహానికి వాడే ఆకుల, పొడుల గురించి రాస్తూ అన్నాను. అది తప్పు. ఆ ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పట్టే గ్రాహకాలకు అడ్డుపడతాయి. దాంతో కాసేపు తీపి తెలియదు, అంతే. రక్తంలో చక్కెర ఎంతుందో రక్తపరీక్షే చెప్పాలి.

రెండోది ఇంకా పెద్ద పొరపాటు. నేరేడు గింజల పొడి, కాకరరసం "ఆక్సీకరణ ఒత్తిడిని పోగొడతాయి" అని ఖాయం చేసి రాసేశాను. ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు ఒంట్లో ఎక్కువై కణాలను దెబ్బతీయడమే ఆ ఒత్తిడి. నేరేడు గింజల్లో, కాకరలో ఫ్రీ రాడికల్స్‌ను అణచే పాలీఫినాల్స్ అనే మొక్కల పదార్థాలు ఉన్న మాట నిజమే. కానీ ప్రయోగశాలలో గాజు గొట్టంలో ఫ్రీ రాడికల్స్‌ను అణచిన రసం, మన పేగుల్లో, కాలేయంలో మారిపోయాక కూడా అంత పనీ చేస్తుందని చెప్పలేం. మెంతులకు కాస్త గట్టి ఆధారం ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాటిని మధుమేహం ఉన్న మనుషులకే ఇచ్చి చూసింది. మెంతుల్లోని జిగురు పీచు వల్ల తిన్న అన్నంలోని చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది.

నా రాత చదివి మా పెద్దమ్మ తన మధుమేహం మాత్రలు మానేద్దామనుకుందట. వినగానే గుండె ఝల్లుమంది. దయచేసి ఎవరూ మానకండి. చక్కెర తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్రో ఇన్సులినో వాడుతూ పొడపత్రి కూడా తింటే చక్కెర మరీ పడిపోవచ్చు: చెమటలు, వణుకు, కళ్లు తిరగడం. ఏ ఆకు, ఏ పొడి మొదలుపెట్టినా ముందు మీ డాక్టరుకు చెప్పండి.

పాత రాతలోంచి ఆ రెండు వాక్యాలూ తీసేశాను.