మర్రి ఊడలు అరకిలో

(విజయవాడ, పటమట. పక్క వాటా వాళ్లు. గోడలు పల్చనైతే వినేవాళ్ల తప్పేముంది?)

సుజాత: ఏవండీ, ఇదేంటి?

ప్రసాద్: నాగజెముడు.

సుజాత: తెలుస్తూనే ఉంది, ఇప్పుడే వేలికి గుచ్చుకుంది. కూరకా, పచ్చడికా?

ప్రసాద్: చీటీ రాసింది నువ్వు, తెచ్చింది నేను. వండేది ఎలాగో నువ్వే చూసుకో.

సుజాత: నేను నాగజెముడు రాశానా?

ప్రసాద్: క్యారెట్, ముల్లంగి, అల్లం, బంగాళాదుంప, చెరకు, నాగజెముడు, మర్రి ఊడలు. అక్షరం వదిలిపెట్టలేదు. ఊడలొక్కటే దొరకలేదు. రైతు బజారు బోర్డు మీద రేటు కూడా రాయలేదు.

సుజాత: రాయరు మరి, పాపం మర్చిపోయి ఉంటారు.

ప్రసాద్: 1999లో రైతు బజార్లు పెట్టిన కొత్తలో మా నాన్న చెయ్యి పట్టుకుని వెళ్లినవాణ్ణి, నాకా చెప్తావ్? ఆకుకూరల తాత ఉన్నాడు, "మా ఊళ్లో చెట్టుంది, అరకిలో కోసుకొస్తా" అన్నాడు. ఇరవై రూపాయలు అడ్వాన్సిచ్చా.

సుజాత: అడ్వాన్సు కూడానా! అరకిలో అని ఎక్కడుంది?

ప్రసాద్: నువ్వు ఏదైనా అరకిలోనే రాస్తావుగా. బుజ్జి దగ్గుకి మీ అమ్మ చెప్పిన కషాయం అనుకున్నా.

సుజాత: మా అమ్మకి మిరియాల పాలు తప్ప ఇంకో వైద్యం తెలీదు. ఒక్క ఫోన్ చేస్తే పోయేదిగా?

ప్రసాద్: "ఒకే చీటీ, ఒకే మనిషి, నో ఫోన్, నో టెన్షన్" అని ఫ్రిజ్ మీద అంటించింది ఎవరు?

సుజాత: అంటించనా? తోటకూరేదో పాలకూరేదో తెలీక మీరు వీడియో కాల్ చేస్తే మీటింగంతా చూసింది. ఎడం చేతిలోది పాలకూర అని చెప్పింది మా మేనేజరు!

ప్రసాద్: మంచాయన. ఇవాళ చెరకు గడ స్కూటర్ మీద నిలబెట్టుకుని వస్తుంటే బెంజి సర్కిల్లో జనమంతా నన్నే చూశారు తెలుసా.

సుజాత: పటమట నుంచి పటమట రావడానికి బెంజి సర్కిల్ ఎందుకండీ?

ప్రసాద్: నాగజెముడు కూరగాయల కొట్లో అమ్ముతారా? నర్సరీకి వెళ్లా.

సుజాత: చీటీ ఇలా ఇవ్వండి... వెనక్కి తిప్పి చూశారా?

ప్రసాద్: వెనక ఏముంది?

సుజాత: కందిపప్పు, వంకాయలు, చింతపండు, పెరుగు. ముందున్నది బుజ్జి సైన్సు హోంవర్కు. "కింది వాటిని వేర్లు, కాండాలుగా విడదీయుము."

ప్రసాద్: అదా! వేరే వేరే సంచుల్లో వేయించమన్నావనుకున్నా. వేయించాను కూడా.

సుజాత: బంగాళాదుంప, అల్లం వేర్ల సంచిలో ఉన్నాయి. అవి కాండాలు.

ప్రసాద్: మట్టిలోంచి పీకినవి కాండాలేంటి?

సుజాత: ఈ హోంవర్కు మీరు చేయకండి. దానికి మార్కులు కావాలి.

ప్రసాద్: చేతిరాత అచ్చం నీదేనే, నేనేం చేసేది?

సుజాత: చదివే తీరు మీది రాకపోతే అదే చాలు. ఈ పొట్లమేంటి? ఇది చీటీలో ఏ వైపూ లేదే.

ప్రసాద్: జున్ను. నీకిష్టమని.

సుజాత: ...బెల్లం ఎక్కువ వేశారా?

ప్రసాద్: వేసిందే తెచ్చా. ముందు ఆ వేలు చూపించు, ముల్లు ఉంది.

సుజాత: తర్వాత తీద్దురుగానీ. వెళ్లి పెరుగు పట్రండి. అదొక్కటే.

ప్రసాద్: ఎంత?

సుజాత: అక్కడికెళ్లి ఫోన్ చేయండి, చెప్తా.