రాగి సీసాలో నిమ్మరసం పోయకండి: ‘సేఫ్ డబ్బాల’ మెసేజ్‌కు జవాబు

ఫ్యామిలీ గ్రూపుల్లో, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నవి ఇవి: రాగి పాత్రలో ఏది పోసినా అమృతమే. స్టీలుకు అయస్కాంతం అంటుకుంటే అది నకిలీ. ప్లాస్టిక్ డబ్బా అడుగున త్రికోణంలో 5 ఉంటే వేడి కూర పెట్టినా భయం లేదు. ఎండలో కారులో వదిలేసిన నీళ్ల సీసాలో డయాక్సిన్ అనే విషపదార్థం పుట్టి క్యాన్సర్ వస్తుంది. కాబట్టి ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ అంతా ఇవాళే పారేసి కొత్త సామాను కొనండి. పంపేవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ మొదటి మాట నమ్మితే పిల్లలకు వాంతులు పట్టుకునే ప్రమాదం ఉంది. అందుకే ఇంత వివరంగా రాయాల్సి వస్తోంది.

“రాగిలో ఏదైనా పోయొచ్చు”

ఉత్త నీళ్ల వరకు ఈ మాటలో నిజముంది. 2012లో బెంగళూరు పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనంలో, విరేచనాలు కలిగించే బ్యాక్టీరియా కలిపిన నీటిని రాగి కుండలో 16 గంటలు ఉంచితే ఆ బ్యాక్టీరియా బతకలేదు. నీటిలోకి దిగిన రాగి కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దుకు, అంటే లీటరుకు 2 మిల్లీగ్రాములకు, చాలా లోపే ఉంది.

పులుపు తగిలితే లెక్క మారిపోతుంది. నల్లబడ్డ రాగి చెంబును చింతపండుతో తోమితే తళతళలాడుతుందని మన ఇళ్లలో తెలియనివాళ్లు లేరు. ఆ మెరుపు ఎక్కడి నుంచి వచ్చింది? చింతపండులోని ఆమ్లం పైపొరను కరిగించి తనతో తీసుకుపోయింది కాబట్టే. తోమిన నీళ్లను మనం పారబోస్తాం. అదే పని రాగి సీసాలో పోసిన నిమ్మరసం, మజ్జిగ గంటల తరబడి చేస్తాయి, కరిగిన రాగిని మాత్రం పిల్లలు తాగేస్తారు. అది మోతాదు మించితే వికారం, వాంతులు, కడుపునొప్పి.

పెద్దవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే పులుసు రాచిప్పలో కాచారు, ఊరగాయ జాడీలో పెట్టారు. వంటకు వాడే ఇత్తడి గిన్నెలకు కళాయి పూయించారు. కళాయి వేసేవాళ్లు వీధిలోనే కొలిమి పెట్టుకుని, గిన్నెను బాగా కాల్చి, నవాసారం చల్లి, కరిగిన తగరాన్ని గుడ్డతో లోపలంతా పులిమేవారు. ఆ తెల్లటి పొర కూరకూ ఇత్తడికీ మధ్య అడ్డుగోడ. కళాయి సరిగా లేని రాగి, ఇత్తడి పాత్రలు ఆహారానికి పనికిరావని మన దేశపు ఆహార నిబంధనలు కూడా చెబుతున్నాయి. రాగి సీసా ఉంటే రాత్రి నీళ్లు పోసి పొద్దున తాగండి. పచ్చగా చిలుము కనిపిస్తే తోమి కడిగాకే మళ్లీ వాడండి.

“అయస్కాంతం అంటుకుంటే నకిలీ స్టీలు”

ఈ పరీక్ష రెండు వైపులా తప్పుతుంది. 304 రకం స్టీలులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, అందుకే దాన్ని 18/8 అంటారు. మామూలుగా దానికి అయస్కాంతం అంటదు. నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన చౌక రకం 202కీ అంటదు. అంటే మీరు పట్టుకోవాలనుకున్నదే ఈ పరీక్షలో దర్జాగా పాసైపోతుంది. నికెల్ దాదాపు లేని 430కి అయస్కాంతం గట్టిగా అంటుకుంటుంది. అది నకిలీ కాదు, వంట సామానుకు వాడేదే. అసలైన 304 గిన్నెకు కూడా అంచు మడిచిన చోట కాస్త అంటుకోవచ్చు.

తుప్పును ఆపేది క్రోమియం. ఉప్పు, పులుపు తగిలే చోట 202 కంటే 304 ఎక్కువ కాలం నిలుస్తుంది. అడుగున గ్రేడ్ అచ్చు ఉందో లేదో చూడండి, బిల్లు మీద ఆ గ్రేడ్ రాసిచ్చే షాపులో కొనండి. ఆవకాయను మాత్రం 304లో కూడా నెలల తరబడి ఉంచొద్దు. ఉప్పు వల్ల స్టీలుకు చిన్న చిన్న గుంటలు పడతాయి. జాడీ గానీ గాజు సీసా గానీ మేలు.

“5 ఉంటే వేడిది పెట్టొచ్చు”

ఆ అంకెలు 1988లో అమెరికాలో ప్లాస్టిక్ పరిశ్రమ తెచ్చినవి, రీసైక్లింగ్‌లో ఏ రకాన్ని ఏ కుప్పలో వేయాలో తెలియడానికి. 5 అంటే పాలీప్రొపిలీన్ అని మాత్రమే అర్థం. అది వేడికి తొందరగా సాగదు, నిజమే. కానీ ఆకారం చెడకపోవడం వేరు, ఆహారంలోకి ఏమీ దిగకపోవడం వేరు. 2020లో డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ పరిశోధకులు ఇదే ప్లాస్టిక్‌తో చేసిన పాలసీసాలను పరీక్షించారు. నీళ్లు వేడెక్కేకొద్దీ మైక్రోప్లాస్టిక్, అంటే కంటికి సరిగా కనిపించనంత చిన్న ప్లాస్టిక్ కణాలు పెరిగాయి, కొన్నింట్లో లీటరుకు కోటిన్నర దాటాయి. వాటి వల్ల ఒంటికి ఎంత హాని అన్నది ఇంకా తేలలేదు. తేలేదాకా వేడి సాంబారు స్టీలు గిన్నెలో పోస్తే పోయేదేమీ లేదు కదా.

కూర డబ్బా పచ్చబడితే విషం పుట్టిందని కంగారు పడొద్దు. అది నూనెతో పాటు ప్లాస్టిక్‌లోకి ఇంకిన పసుపు. అయితే గీతలు పడి, జిడ్డు వదలని డబ్బాను కూరలకు వాడటం మానేయండి.

“కారులో సీసా, డయాక్సిన్”

ఇది అబద్ధం. నీళ్ల సీసాలు చేసే ‘పెట్’ (PET) అనే ప్లాస్టిక్‌లో కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ ఉంటాయి. మనం భయపడే డయాక్సిన్‌కు క్లోరిన్ కావాలి, మంటల్లో ఉండేంత వేడి కావాలి. ఎండకు జరిగేది వేరు. ప్లాస్టిక్ తయారీలో వాడిన యాంటిమొనీ అనే మూలకం కొద్దికొద్దిగా నీళ్లలోకి దిగడం పెరుగుతుంది. కాబట్టి కారులో వదిలేయకపోవడం మంచిదే, కారణం మాత్రం డయాక్సిన్ కాదు.

“అంతా పారేసి కొత్తవి కొనండి”

ఆరోగ్యం పేరు చెప్పి ఇలా పారేయమనడం చూస్తే బాధేస్తుంది. పారేసిన డబ్బాలు ఊరి చివర చెత్తకుప్పలో క్లోరిన్ ఉండే పీవీసీ ప్లాస్టిక్ లాంటి వాటితో కలిసి తగలబడితే, డయాక్సిన్ అసలు పుట్టేది అక్కడ. కొత్త స్టీలు డబ్బా చేయడానికి బోలెడు కరెంటు, బొగ్గు ఖర్చవుతాయి. ఏళ్ల తరబడి వాడితేనే ఆ ఖర్చుకు ఫలితం. బాగున్న ప్లాస్టిక్ డబ్బాల్లో కందిపప్పు, బియ్యప్పిండి, ఎండుమిర్చి పోసుకోండి. పొడి సరుకుకు, చల్లటి చోట, వాటితో పెద్దగా ఇబ్బంది లేదు. పగిలినవి పొడిచెత్తలో వేయండి. కాఫీపొడి, తేనె అయిపోయిన గాజు సీసాలు కడిగి ఎండబెడితే పచ్చళ్లకు సరిపోతాయి. అవి మామూలు గాజు, ఒక్కసారిగా మరిగేది పోస్తే పగులుతాయి, అందుకని చల్లారాకే పోయండి. కొనక తప్పనిది ఏదైనా ఉంటే, వేడి కూరలకు మూత గట్టిగా పట్టే రెండు మూడు స్టీలు డబ్బాలు చాలు.