లాగుడు శాస్త్రవేత్తలకు శతకోటి నమస్కారాలు

మైదానంలో ఎవడైనా పడి భుజం పట్టుకున్నాడంటే చాలు, గుంపులోంచి ఒక మహానుభావుడు చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చేస్తాడు. "కీలు తప్పిందంతే, ఒక్క లాగు లాగితే సరి!" సినిమా హీరో భుజాన్ని గోడకేసి కొట్టుకుని, టక్కుమనగానే మళ్లీ ఫైటుకు దిగుతాడు చూడండి, ఈయన వైద్యవిద్య అక్కడ పూర్తయింది.

భుజం కట్టడమే ఈయనకు కలిసొచ్చింది. జబ్బ ఎముక తల అనే బంతి పెద్దది, అది కూర్చునే గిన్నె చిన్నది, లోతూ లేదు. జబ్బ ఎముక తలలో ఎప్పుడైనా గిన్నెకు ఆనేది 25-30 శాతమే. అంచున ల్యాబ్రమ్ అనే మెత్తటి గట్టు, చుట్టూ సంచి, రొటేటర్ కఫ్ అనే నాలుగు కండరాలు కలిసి ఆ బంతిని పట్టుకుని ఉంటాయి. జారినప్పుడు నూటికి 95 సార్లు ముందుకే జారుతుంది.

ఇక శస్త్రచికిత్స మొదలు. ఒకడు నడుము పట్టుకుంటాడు, ఇద్దరు కాళ్లు పట్టుకుంటారు. శాస్త్రవేత్త గారు తన మడమ కుర్రాడి చంకలో పెడతారు. (ప్రాచీన గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ చెప్పిన పద్ధతే లెండి. పాపం, ఆయన కాలంలో ఎక్స్‌రే లేదు.) "మూడు అనగానే లాగుతా" అని రెండుకే లాగుతారు. కుర్రాడు గావుకేక పెడతాడు. "నరం వదులుతోంది, మంచిదే!" టక్కుమనలేదు కాబట్టి ఈసారి ఎదురు దిక్కుకి. నొప్పికి కండరాలు బిగుసుకుంటాయి, బిగుసుకున్న కొద్దీ ఈయన బలం పెంచుతారు. ఆస్పత్రిలో మత్తుమందో, కీలులోకి ఇంజెక్షనో ఇచ్చి మెల్లగా లాగేది ఆ బిగువు వదలడానికే. డాక్టర్లకు బలం లేక కాదు.

అయ్యా, మీరు లాగుతున్నది జారిన కీలే అని మీకెవరు చెప్పారు? జబ్బ ఎముక మెడ (తల కిందుండే భాగం) విరిగినా పైకి దాదాపు అలాగే కనిపిస్తుంది! విరిగిన ముక్కల్ని లాగుతున్నారు మీరు. కీలు కిందనుంచే యాక్సిలరీ నరం పోతుంది. అది దెబ్బతింటే భుజం బయటి వైపు స్పర్శ పోతుంది, చెయ్యి పక్కకి లేవదు. చంకలో రక్తనాళం ఉంది, ముసలివాళ్లలో అది చిరగొచ్చు కూడా. అందుకే డాక్టరు లాగడానికి ముందూ తర్వాతా స్పర్శ, మణికట్టు నాడి చూస్తాడు. ఫిట్స్ వచ్చాకో, కరెంట్ షాక్ తగిలాకో కీలు వెనక్కి జారితే ఎదురునుంచి తీసిన ఎక్స్‌రేలో కూడా దొరక్కపోవచ్చు, పక్కనుంచీ తీయాలి. ఎక్స్‌రేకే దొరకనిది మీ మడమకు దొరికిందా?

చెయ్యాల్సింది ఇంతే: చెయ్యి ఏ భంగిమలో ఉంటే అలాగే ఉంచి, చేతికీ ఒంటికీ మధ్య దిండు పెట్టి, గుడ్డతో ఛాతీకి కట్టండి. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి తిండీ నీళ్లూ ఇవ్వకండి. వేళ్లు చల్లబడుతున్నాయా, తిమ్మిరెక్కుతున్నాయా చూస్తూ వెంటనే బయల్దేరండి. ఆలస్యమైన కొద్దీ కీలు కూర్చోబెట్టడం కష్టం.

కీలు కూర్చున్నాక కూడా కథ ఉంది. 20 లోపువాళ్లకు మళ్లీ జారే అవకాశమే ఎక్కువ. 40 దాటినవాళ్లకు వారాలు గడిచినా చెయ్యి లేవకపోతే కఫ్ చిరిగిందేమో స్కాన్ తీయించాలి. ఆ స్కాన్ కాగితం శాస్త్రవేత్త గారికి చూపించండి. "నేను సరిగ్గానే లాగా, వీడే బిగపట్టాడు" అంటారు.